గది దాటిన మాట

మా చర్చి వెనక ఒక గది ఉంది. విరిగిన బెంచీలు, మూగబోయిన స్పీకర్లు, పాత తివాచీలు ఒక మూలకి నెట్టి, మిగిలిన జాగాలో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దవాళ్ళ క్లాసు పెట్టుకుంటాం. పిల్లలకి సండే స్కూలు ఉన్నట్టే మాకూ ఒకటి. తల నెరిశాక మళ్ళీ బడిపిల్లాణ్ణి కావడం మొదట్లో నాకు నామోషీగానే ఉండేది. నాది ఎలక్ట్రికల్ రిపేరు కొట్టు. ఆ గదిలో ఫ్యాను తిరగడం లేదంటే వెళ్ళాను. నేను నిచ్చెన దిగేలోపే క్లాసు మొదలైపోయింది. మధ్యలో లేచి రావడానికి మొహమాటపడి కూర్చున్నాను. అలా కూర్చున్నవాణ్ణి ఇప్పటిదాకా లేవలేదు. అది దేవుడి పని అంటుంది మా ఆవిడ. దేవుడి పనే కావచ్చు, కానీ ముందు లాండ్రీ అక్క పని.

ఆ క్లాసు చెప్పేది లాండ్రీ అక్కే. బజారు చివరనున్న పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పనంతా ఆమె చేతి మీద నడుస్తుంది. హోటళ్ళ దుప్పట్లు, డాక్టర్ల కోట్లు, పెళ్ళికొడుకుల సూట్లు, అన్నీ ఆమె ముందు నుంచే పోవాలి. ఆవిరి కక్కే ఇస్త్రీ బల్ల ముందు నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగాయి. మణికట్ల మీద కాలిన మచ్చలు. భర్త సరుకుల వ్యాను నడుపుతాడు, చర్చి గుమ్మం తొక్కడు. మా ఇంట్లో ఒకరు చేసే ప్రార్థనే ఇద్దరికీ సరిపోయి మిగులుతోంది అంటాడు. మనిషి మంచివాడే. ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంటికొచ్చేసరికి వంట చేసి ఉంచుతాడు.

అక్క నలభై దాటాక బాప్తిస్మం తీసుకుంది. అప్పుడు ఈ క్లాసు చెప్పే పెద్దాయన రిటైరైన బడి మాస్టారు. ప్రశ్నా ఆయనే ఇచ్చేవాడు, జవాబూ ఆయనే ఇచ్చేవాడు, మనం బట్టీ పట్టి అప్పజెప్పడమే. అక్క ఇస్త్రీ చేస్తూ చేస్తూ అన్నీ కంఠతా పట్టేసింది. తర్వాత వాళ్ళమ్మ మంచం పట్టింది. ఒకరోజు ఆవిడ, "నేను పోతే ఎక్కడికి పోతానే?" అని అడిగింది. జవాబు నాలుక చివరే ఉంది. కానీ తల్లి కళ్ళలోకి చూస్తూ ఆ బట్టీ మాట చెప్పడానికి అక్కకి నోరు రాలేదు. చేయి పట్టుకుని ఊరుకుంది. ఆ సంగతి మాకు ఆమే చెప్పింది.

అందుకే మాస్టారు తప్పుకుని క్లాసు తన చేతికొచ్చిన రోజే రెండు షరతులు పెట్టింది. మనలో లేనిది ఉందని చెప్పకూడదు. ఈ గదిలో విన్నది గది దాటకూడదు. మొదటి షరతు దెబ్బకి కొన్ని వారాలు మాకెవరికీ నోరు పెగల్లేదు. తర్వాత ఒక్కొక్కళ్ళకీ మాట వచ్చింది. మందుల షాపాయన తనకి ఇంట్లో కోడళ్ళ గొడవలు తీర్చడం కంటే వాక్యం అర్థం చేసుకోవడమే కష్టంగా ఉందన్నాడు. నేను ప్రార్థనలో నిద్రపోతానని ఒప్పుకున్నాను. నవ్వుకున్నాం, వాదించుకున్నాం, కొన్నిసార్లు ఏడ్చాం. అంత నిజాయితీగా మాట్లాడుకునే చోటు నా బతుకులో ఇంకోటి లేదు.

రెండో షరతు తప్పింది మాత్రం ఆ అక్కే.

మా క్లాసులో ఒక క్రేన్ ఆపరేటర్ ఉన్నాడు. ఊరి బయట కడుతున్న పెద్ద భవనాల దగ్గర, అంతెత్తున గాజు గదిలో ఒంటరిగా కూర్చుని ఇనుపకడ్డీలు, కాంక్రీటు దిమ్మలు ఎత్తి దించడం అతని పని. మితభాషి. మేం క్రేన్ తమ్ముడు అంటాం. ఆ ఏడాది సైటులో ప్రమాదం జరిగింది. గాలిలో ఉండగా బరువుకి కట్టిన పట్టీ తెగింది. కింద బరువులు కట్టే మనిషి అక్కడికక్కడే పోయాడు. వాళ్ళిద్దరూ పదేళ్ళుగా జంటగా పనిచేస్తున్నారు. ఇతను పైన, అతను కింద. చేతి సైగలతోనే మాట్లాడుకునేవాళ్ళు. విచారణలో తప్పు పట్టీదని తేలింది, ఆపరేటర్‌ది కాదని తేలింది. తమ్ముడు మళ్ళీ పనిలోకి వెళ్ళాడు, ఆదివారాలు చర్చికీ వస్తున్నాడు. అందరం తేరుకున్నాడనే అనుకున్నాం.

ఒక ఆదివారం క్లాసులో, ఎవరూ అడక్కుండానే నోరు విప్పాడు. "పొద్దున ప్రార్థనకి కళ్ళు మూసుకుంటున్నాను. పెదాలు కదులుతున్నాయి. లోపల ఏమీ లేదు. చర్చిలో కూడా అంతే. మీకు చెప్పకుండా ఉండలేకపోయాను" అన్నాడు. ఎవరం సలహా ఇవ్వలేదు. అక్క లేచి వెళ్ళి అతని పక్క కుర్చీలో కూర్చుంది. అంతకంటే చేయాల్సింది ఏమీ లేదు కూడా.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అక్కకి భయం పట్టుకుంది. అలాంటి మనసుతో అంతెత్తున ఒక్కడూ కూర్చుంటున్నాడే అని. ఆ భయం ఆమెకి తిండి సయించనివ్వలేదు. పాస్టరమ్మగారికి ఫోను చేసి, పేరు చెప్పకుండా ఒక ప్రార్థన అంశం ఇచ్చింది. ఎత్తు మీద పనిచేసే ఒక సహోదరుడు ప్రార్థన చేయలేకపోతున్నాడు, అతని కోసం ప్రార్థించండి అని. పేరు చెప్పలేదు కదా అని ధైర్యం. మా సంఘంలో ఎత్తు మీద పనిచేసే మనిషి ఇంకొకడుంటే కదా! నేనూ నిచ్చెన ఎక్కుతాను గానీ దాన్ని ఎత్తని ఎవరూ అనరు.

మా చర్చిలో ప్రార్థన గొలుసని ఒకటుంది. ఒక అంశం వస్తే ఒకావిడ ఇంకో ఆవిడకి ఫోను చేసి చెప్పాలి, ఆవిడ ఇంకొకరికి. అంతా ప్రేమతోనే. ఆ ప్రేమ ఎంత పని చేయగలదో నేను కళ్ళారా చూశాను. మా ఇంటికి వచ్చేసరికే అది "ఎత్తంటే భయం పట్టుకుంది" అయింది. మా ఆవిడ చెబుతుంటే ఒంటికాలి మీద లేచాను, ఇది ఇక్కడితో ఆపు అని. అప్పటికే పక్కావిడకి చేరవేసిందట, గొలుసు తెంపకూడదు కదా. ఇంకో నాలుగిళ్ళు దాటేసరికి చేతులు వణుకుతున్నాయన్నారు. చివరికి పైనుంచి దూకాలనిపిస్తోందట అన్నదాకా పోయింది. అందరూ ఉపవాసాలుండి కన్నీళ్ళతో ప్రార్థించారు. ఒక్కరు కూడా ఆ మనిషింటికి వెళ్ళి అన్నం తిన్నావా అని అడగలేదు.

గొలుసులో చివరావిడ భర్త, తమ్ముడు పనిచేసే సైటులోనే సేఫ్టీ ఆఫీసరు. మా సంఘం మనిషే. మర్నాడే తమ్ముణ్ణి క్రేన్ ఎక్కనివ్వలేదు. కింద సామాన్ల షెడ్డులో కూర్చోబెట్టాడు. తమ్ముడు డాక్టరు దగ్గరికి వెళ్ళి, అంతా బాగానే ఉందని రాయించుకొచ్చాడు. ఆఫీసరు ఆ చీటీ చూసి నీళ్ళు నమిలాడు. నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చకపోతే కంపెనీ ఇంకో ఆపరేటర్‌ని పెట్టుకుంటుంది. ఆ పని తప్ప తమ్ముడికి ఇంకో పని రాదు.

ఆఫీసర్ని తిట్టుకోవడం తేలిక. నేనూ తిట్టాను. కానీ ఆయన పాస్టరుగారింట్లో కూర్చుని అన్న మాట విన్నాక నోరు మూసుకున్నాను. "ఆ కొక్కెం కింద ఎంతమంది తిరుగుతారో మీకు తెలియదు. ఒకణ్ణి నా చేతులతో ఎత్తి అంబులెన్సులో పడుకోబెట్టాను. ఇంకొకణ్ణి పడుకోబెట్టలేను" అన్నాడు. ఆయన అడిగింది ఒక్కటే. తమ్ముడు ఆదివారం సంఘం ముందు నిలబడి నోరారా ప్రార్థన చేస్తే చాలు, మనిషి నిలకడగా ఉన్నాడని తనకి నమ్మకం కలుగుతుంది, సోమవారమే పైకి ఎక్కిస్తాడు. పాస్టరుగారికి ఇది దేవుడే చూపించిన దారిలా తోచింది. రెండు మాటల ప్రార్థనతో ఉద్యోగమూ నిలబడుతుంది, సంఘమూ సంతోషిస్తుంది. తమ్ముణ్ణి ఒప్పించే పని అక్కకి అప్పజెప్పారు. మాట ఎక్కడ మొదలైందో అప్పటికి ఆయనకి తెలుసు. పైకి అనలేదు, అంతే.

గురువారం సాయంత్రం లాండ్రీ మూశాక అక్క నా కొట్టుకొచ్చి, తోడు రమ్మంది. నా స్కూటరు మీద వెళ్ళాం.

తమ్ముడి ఇల్లు రెండు గదులు. గోడకి ఆనించి మడత మంచం, దాని మీద ఆరేసి తెచ్చిన బట్టల కుప్ప. అతని భార్య బట్టలు మడతపెడుతూ ఉంది. వందనాలు చెప్పలేదు, కూర్చోమనలేదు. తమ్ముడే కుర్చీ జరిపాడు. అక్క కూర్చోకుండా నిలబడే ఉంది. మామూలుగా అయితే ఆ కుప్పలోంచి ఒక చొక్కా తీసి మడవడం మొదలుపెట్టేది. ఆ రోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

"నావల్లే ఇదంతా" అంది అక్క. తమ్ముడు తెలుసన్నట్టు తలూపాడు. "మీరు తప్ప ఇంకెవరైనా అయ్యుంటే బాగుండేదనుకున్నానక్కా" అన్నాడు. ఆ మాటకి నా తల కొట్టేసినట్టయింది, ఇక ఆమెకి ఎలా ఉండాలి.

భార్య అప్పుడు నోరు తెరిచింది. ఇద్దరు పిల్లలు, చదువులు, ముసలి అత్తగారు, అన్నీ ఈ మనిషి చేతుల మీదే ఉన్నాయంది. "మీరు పెట్టిన మంట మీరే ఆర్పండి. ఆదివారం ప్రార్థన చేయమని చెప్పండి. మీరు చెబితే వింటాడు." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

అక్క ఏమంటుందో నాకు తెలుసనుకున్నాను. ఆమె అన్నది మాత్రం నేననుకున్నది కాదు.

"ఒక్కసారి చెప్పెయ్యి తమ్ముడూ. రెండు మాటలే. పిల్లల కోసం" అంది.

ఆ గదిలో అంతవరకూ లేని ఇబ్బంది అప్పుడొచ్చింది. తమ్ముడు ఆమెను ఎగాదిగా చూశాడు. కోపంగా కాదు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు. "లోపల లేనిది చెప్పమంటున్నారా అక్కా? మీరు?" అన్నాడు. ఆదివారం వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. మేం లేచి వచ్చేశాం. మెట్లు దిగుతూ ఆమె గోడ పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. నాకు జాలి వేసింది, ఒళ్ళూ మండింది. ఏళ్ళ తరబడి మాకు నేర్పిందంతా ఒక్క మాటతో తుడిచిపెట్టేసింది కదా అనిపించింది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణని కూడా తెలుసు. అందుకే ఇంకా మండింది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. గొలుసు మళ్ళీ పనిచేసిందన్నమాట. సేఫ్టీ ఆఫీసరు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తమ్ముడు వెనక గోడ దగ్గర, పక్కన భార్య, పిల్లలు. వాక్యం అయ్యాక పాస్టరుగారు మృదువుగా, మన సహోదరుడు ఇప్పుడు ప్రార్థనలో నడిపిస్తాడు అన్నారు. అందరి తలలూ ఒక్కసారి వెనక్కి తిరిగాయి.

తమ్ముడు లేవలేదు. ముందున్న కుర్చీ వీపు పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. భార్య అతని మోచేయి తాకింది. మైకులో ఎవరో దగ్గారు. ఎంతసేపు గడిచిందో గానీ నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆఫీసరు మొహంలో మెల్లగా నీడ కమ్ముతోంది. ఇంకాసేపు ఇలాగే ఉంటే తమ్ముడి ఉద్యోగం పోయినట్టేనని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

అప్పుడు లాండ్రీ అక్క లేచింది. "పాస్టరుగారూ, అతన్ని అడగొద్దు" అంది. మైకు లేకపోయినా చివరిదాకా వినబడింది. "నా క్లాసులో నన్ను నమ్మి చెప్పిన మాట నేను బయటికిచ్చాను. ప్రార్థన అని పేరు పెట్టి ఇచ్చాను. తర్వాత వాళ్ళింటికి వెళ్ళి అబద్ధం ఆడమన్నాను. తప్పు చేసింది నేను. నిలబడాల్సింది అతను కాదు."

పాస్టరుగారి మొహం ఎర్రబడింది. సంఘ పెద్ద ఒకాయన, ఇది సమయం కాదమ్మా కూర్చో అన్నాడు. ఆమె కూర్చోలేదు. అరిగిన మోకాళ్ళతో ముందు కుర్చీ పట్టుకుని అలాగే నిలబడింది. నా జీవితంలో ఒక మనిషిని చూసి అంత గర్వపడిందీ అప్పుడే, అంత భయపడిందీ అప్పుడే.

వెనక నుంచి తమ్ముడి గొంతు వినబడింది. "మీరు కూర్చోండక్కా."

లేచాడు. ముందుకి రాలేదు, ఉన్నచోటే నిలబడ్డాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అతను మూసుకోలేదు. నేనూ మూసుకోలేదు కాబట్టి తెలుసు.

"దేవా, నీతో మాట్లాడటం మానేశానని వీళ్ళందరికీ తెలిసిపోయింది. నీకు ముందే తెలుసు" అన్నాడు. "రోజూ ఎక్కేముందు, కింద ఉన్నవాళ్ళని చూసుకోమని అడిగేవాణ్ణి. ఆ రోజు కూడా అడిగాను. నువ్వేం చేస్తున్నావో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పలేను. మళ్ళీ పనిలోకి వెళ్ళాక, షెడ్డులో కూర్చోబెట్టేదాకా, వాళ్ళని నేనే చూసుకున్నాను. ప్రతి బరువూ ఎత్తే ముందు పట్టీ రెండుసార్లు చూపించమనేవాణ్ణి. కింద మనిషి పక్కకి జరిగేదాకా లివరు ముట్టుకోలేదు. నా చేతులు వణకడం లేదు. నాకు చెప్పడానికి ఇంతే ఉంది."

ఆమేన్ అనలేదు. మేం కూడా అనలేదు, అనొచ్చో లేదో ఎవరికీ తెలియలేదు. అతను కూర్చున్నాడు. భార్య తల వంచుకుని పిల్లాడి చేయి గట్టిగా పట్టుకుంది. పాస్టరుగారు ఏం చేయాలో తోచక ఆశీర్వాదం చెప్పి ముగించేశారు.

బయట అందరూ అతన్ని తప్పించుకుని నడుస్తున్నారు. దేవుడితో అలా మాట్లాడొచ్చా అని ఒకళ్ళు, పోనీలే ఉన్నదే చెప్పాడు అని ఒకళ్ళు. సేఫ్టీ ఆఫీసరు గేటు దగ్గర అతని కోసం ఆగాడు. మేం కొంచెం దూరంలో చెవులు రిక్కించి నిలబడ్డాం. "పట్టీ రెండుసార్లు చూపించుకునేవాడివా నిజంగా?" అని అడిగాడు. "అవును సార్, కిందవాళ్ళు విసుక్కునేవాళ్ళు కూడా" అన్నాడు తమ్ముడు. ఆఫీసరు అతని చేతుల వైపు చూశాడు. "రేపు ఎక్కు" అని వెళ్ళిపోయాడు. నా గుండెల మీంచి బండ దించినట్టయింది. అక్క కోసం చూశాను. అప్పటికే ఇంటికి వెళ్ళిపోయింది.

క్లాసు ఆపేయమని సంఘ పెద్దలు కొందరు పట్టుబట్టారు. పెద్దవాళ్ళకి ప్రసంగం చాలదా, ఈ తవ్వకాలెందుకన్నారు. పాస్టరుగారు ఆపలేదు. ఆయనకీ ఆ ఆదివారం ఏదో తగిలినట్టుంది. ఒక శనివారం నాకు ఫోను చేసి, మీ క్లాసులో నేనూ ఒక కుర్చీలో కూర్చోవచ్చా అని అడిగారు. అక్క మాత్రం ఇక క్లాసు చెప్పనంది. మందుల షాపాయన్ని కూర్చోబెట్టి, తను చివరి కుర్చీలో మాలాగే కూర్చుంటోంది. ఎంత బతిమాలినా వినలేదు. తమ్ముడు ఆరాధనకి వస్తున్నాడు గానీ వెనక గది వైపు రావడం లేదు. అక్క ఎదురుపడితే తలూపి పక్కకి వెళ్ళిపోతున్నాడు. ఆ తలూపు అందుకున్న ప్రతిసారీ ఆమె ఆ వారమంతా మనిషిలా ఉండేది కాదు. వాళ్ళాయన నా కొట్టుకొచ్చి, ఇంట్లో ఇస్త్రీ పెట్టె కూడా మాట్లాడుతోంది గానీ మా ఆవిడ మాట్లాడటం లేదయ్యా అని మొత్తుకున్నాడు.

చివరికి ఒక మధ్యాహ్నం ఆమె లాండ్రీలో సెలవు పెట్టింది. మళ్ళీ నా స్కూటరే. సైటు గేటు బయట ఎండలో నిలబడ్డాం. భోజనానికి గంట కొట్టారు. తమ్ముడు ఇనుప నిచ్చెన దిగి, హెల్మెట్ చంకలో పెట్టుకుని మా వైపు వచ్చాడు. మొహమంతా చెమట, దుమ్ము. అక్క మాట కూడబలుక్కుని వచ్చింది, దారిలో పెదాలు కదపడం అద్దంలో చూశాను. తీరా అతను ఎదురుగా నిలబడేసరికి అదంతా పోయింది.

"నన్ను క్షమించావా తమ్ముడూ?" అని మాత్రం అడిగింది.

అతను హెల్మెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. పక్క నుంచి పనివాళ్ళు క్యారియర్లు పట్టుకుని పోతున్నారు. ఔనని చెప్పెయ్యరా బాబూ అని నేను లోపల్లోపల మొక్కుకున్నాను. ఆమెను అలా చూడలేకపోయాను.

"చెప్పమంటే చెప్పేస్తానక్కా, నోటితో ఎంతసేపు" అన్నాడు. "కానీ వెతికి చూసుకున్నాను. ఇంకా రాలేదు. వచ్చిన రోజు నేనే మీ లాండ్రీకి వచ్చి చెబుతాను."

అక్క కళ్ళలో నీళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. "వచ్చాకే చెప్పు" అంది. "ముందు చెప్పొద్దు."

అతను తలూపాడు. ఈసారి వెంటనే పక్కకి తిరిగిపోలేదు. గంట మళ్ళీ మోగేదాకా ముగ్గురం ఆ గేటు దగ్గరే నిలబడ్డాం.